మిరపచేను మీదుగా దారి

శావల్యాపురం, 4-11-86

బావ లక్ష్మీనారాయణకు పున్నారావు నమస్కారాలు. నీ చెల్లెలు కుసుమ, నేను క్షేమం.

ఎగువ ఇన్నయ్య తూముకి పలకలు అడ్డం పెట్టి కాలవ నీళ్ళు మాకు రానివ్వట్లేదు. వచ్చే గురువారం మావాళ్ళు ఇరవై మంది కర్రలతో పోయి పలకలు పీకాలని నిర్ణయం. రోడ్డున పోతే ఇన్నయ్య ఇంటి ముందే పోవాలి, అందుకని నీ మిరపచేను మీదుగా దారి అడుగుతున్నాం. నువ్వు రానక్కర్లేదు. పైరున్న చేలోకి ఆసామి మాట లేకుండా దిగకూడదు కాబట్టి జవాబు రాయి. అరుగు మీద అందరి ముందూ చదివిస్తాం.

ఇట్లు, 
పున్నారావు

తా.క.: పోయేటప్పుడు ఒకే వరసలో పోతారు, చెట్లు తొక్కరు. వచ్చేటప్పుడు మాత్రం ఎవరికి ఎటు వీలైతే అటు.

నరసరావుపేట, 8-11-86

బావా,

ఇవ్వను. అందరూ వింటారన్నావు కాబట్టి కారణం కూడా వినండి. మొన్న ఏప్రిల్లో అమెరికా లిబియా మీద బాంబులు వేయబోతే, దాని మిత్రదేశం ఫ్రాన్సు తన ఆకాశం మీదుగా విమానాల్ని పోనివ్వలేదు. అవి సముద్రం చుట్టి పోయాయి. స్నేహమేమీ తెగలేదు. స్నేహితుడి ప్రతి కొట్లాటకీ వెంట నడవాలని ఎక్కడుంది? నీళ్ళు పారేది నీ ఎనిమిదెకరాలకు, పగిలేది కూలివాళ్ళ తలలు. నిరుడు ఆ తూము దగ్గరే ఇలాంటి కొట్లాటలో మీ కూలి అంకమ్మ మొగుడి చెయ్యి పోయింది. ఇప్పుడు ఆమె ఒక్కతే కూలికి పోతోంది. దానికి నీ జవాబేమిటి? ఇంజనీరుకు అర్జీ పెట్టు.

నీ మేలు కోరే,
లక్ష్మీనారాయణ

తా.క.: లిబియా ఆఫ్రికాలో ఉంది. మాచర్ల అవతల ఊరనుకునేరు.

శావల్యాపురం, 12-11-86

లక్ష్మీనారాయణ గారికి,

మీ ఉత్తరం కోటేశ్వరరావు మాస్టారు చదివి వినిపించారు. ఫ్రాన్సువాళ్ళు ఇన్నయ్యకు ఏమవుతారని మావాళ్ళు అడుగుతున్నారు. మీరు ఇన్నయ్యతో కలిశారని తేల్చేశారు. పోవడం ఇంకో గురువారానికి వాయిదా పడింది. ఈసారీ కాదంటే చుట్టరికం తెగినట్టే.

అప్పటిదాకా మీ చుట్టం,
పున్నారావు

తా.క.: కుసుమ మాత్రం ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక దాచింది.

నరసరావుపేట, 15-11-86

బావా,

రెండు రోజులు ఆలోచించాను. ఎంత వాదించినా, సిద్ధాంతం కోసం చెల్లెల్ని పోగొట్టుకోలేను. నా చేలోంచి పొండి. అయితే తప్పుకి దారిచ్చి ఇంట్లో కూర్చునే రకాన్ని కాదు. గురువారం మొదటి బస్సుకే వస్తాను, అందరికంటే ముందు నేనే నడుస్తాను. ఇదీ అందరికీ వినిపించు.

ఓడిపోయిన,
లక్ష్మీనారాయణ

తా.క.: నా దగ్గర కర్ర లేదు. గొడుగు తెస్తాను.

శావల్యాపురం, 18-11-86

బావా,

ఇది గొడ్లచావిట్లో ఒక్కణ్ణే కూచుని రాస్తన్నా. నీకు చదువెక్కువై మతి పోయిందా ఏంది? నిన్ను దారి అడిగిందే ఇవ్వవని. పోవద్దని నేనంటే పిరికోడంటారు. బావ ఇవ్వలా, ఏం చేద్దాం అంటే నిన్ను నాలుగు తిట్టి ఊరుకుంటారు. చుట్టరికం తెగినట్టేనని రాసింది గూడా అరుగు మీద వాళ్ళు రాయించిందే. అట్టా రెండు వారాలు నెట్టుకొచ్చా. అర్జీ ఎప్పుడో పెట్టా, సోమవారం ఇంజనీరు మనిషి వస్తాడంట. అంకమ్మ ముందు ఇంకోసారి తల దించుకోలేను బావా. సరిగ్గా ఇప్పుడే నువ్వు ఒప్పుకోవాలా? మీ ఫ్రాన్సు ఇట్టాగే చేసిందా?

నీ ఉత్తరం ఎవురికీ చూపించలా. బస్సెక్కమాకు. ఇంకోటి రాయి, ఇవ్వనని రాయి, నన్ను చానా ఘాటుగా తిట్టు.

నీ తిట్ల కోసం కాచుకున్న,
పున్నారావు

తా.క.: ఇన్నయ్య కూడా పెదకూరపాడులో వాళ్ళ బావని కొట్లాటకి మనుషుల్ని తోలుకురాను ట్రాక్టరు అడిగాడంట. ఆయన ఇవ్వనని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడంట. బావంటే ఆయన.