మామయ్య పుస్తకాల వరుస

కొండాపూర్, హైదరాబాద్,
19 జూలై 2025.

ఉమాశ్రీ వదినకు,

మీకూ అన్నయ్యగారికీ రోహిణి నమస్కారాలు. పిల్లలకు దీవెనలు. కాకినాడలో మీకు కూడా వానలు పట్టుకున్నాయని విన్నాను, అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అత్తమ్మ, మీ తమ్ముడు, నేను బాగానే ఉన్నాం. మామయ్య సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్ చేయకుండా కాగితం మీద రాయడమేమిటని అనుకుంటారేమో. మొన్న ఫోన్‌లో మనకు మాటా మాటా పెరిగింది. పైగా ఈ ఫ్లాట్‌లో ఏ గదిలో మాట్లాడినా పక్క గదికి వినిపిస్తుంది. మామయ్యకు మతిమరుపు జబ్బు మొదలైందని, 27న ఆదివారం వచ్చి కాకినాడ తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తానని మీరు అన్నారు. పుస్తకాలు కదిలించి ఆయన్ని ఇలా చేసింది మేమేనని కూడా అన్నారు. పుస్తకాలు కదిలించిన మాట నిజమే. కానీ ఆయనకు మతిమరుపు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక మీరే ఆలోచించండి.

హాల్లో గోడ పొడుగునా ఉన్న పుస్తకాల అర మీరు చూసిందే. ఆ పుస్తకాలను మామయ్య తనకు తోచినట్టు పేర్చుకున్నారని మేం అనుకునేవాళ్ళం. నవల పక్కన పాత పంచాంగం, దాని పక్కన కాలువల ఇంజనీరింగు పుస్తకం, ఆ పక్కన పిల్లల కథలు. నా కళ్ళకు అది చిందరవందరగానే కనిపించేది. అయినా ఆయన మాత్రం ఏ పుస్తకం కావాలన్నా తిన్నగా వెళ్ళి తీసేవారు.

మీ తమ్ముడు వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని చేస్తారు కదా. వీడియో మీటింగుల్లో ఆ అరలే ఆయన వెనకాల కనిపిస్తాయి. ఆఫీసులో ఎవరో పాత పుస్తకాల కొట్టులో కూర్చున్నావా అని నవ్వారట. మే నెలలో అత్తమ్మ, మామయ్య భీమవరం పెళ్ళికి వెళ్ళినప్పుడు మీ తమ్ముడు వాటిని రంగుల ప్రకారం సర్దేశారు. ఎరుపంతా ఒక చోట, నీలమంతా ఒక చోట. చిరిగిన అట్టలు కనబడకుండా కొన్నిటిని వెనక్కి తిప్పి పెట్టారు. నేనూ పుస్తకాలు అందించాను. చూడడానికి బాగుందనే అనుకున్నాను.

ఊరి నుంచి వచ్చాక అత్తమ్మ, ఇది చీరల కొట్టులా ఉందిరా అంది. మామయ్య అర ముందు చాలాసేపు నిలబడి, పుస్తకాల మీద చేయి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు.

మీరు విన్న సంగతులన్నీ ఆ తర్వాతవే. ఒక పుస్తకం తీయడం, పెట్టేయడం, మరొకటి తీయడం. నా పుస్తకాలు ఎవరు దాచారని మీ తమ్ముడి మీద అరవడం. లిఫ్టులో రామ్మోహనరావుగారు ఎదురుగా నిలబడి నవ్వితే పలకరించకుండా వచ్చేశారు. ఎదురింట్లో ఇన్నేళ్ళుగా ఉంటున్న మనిషి, ఆయన చాలా నొచ్చుకున్నారు. పేపరు చదవడం ఎందుకు మానేశారంటే అందులో చదవడానికేముంది అన్నారు. ఇవన్నీ చూసి మీ తమ్ముడికీ మీకు వచ్చిన అనుమానమే వచ్చింది.

సాయంత్రం పూట అత్తమ్మకు చదివి వినిపించడం మాత్రం మానలేదు. ఆమె ఆకుకూర తుంచుతూనో, జాకెట్టుకు హుక్కులు కుడుతూనో వింటూ ఉంటుంది. మీ చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటేనట కదా.

రెండు వారాల కింద మా బాపు శేరిలింగంపల్లి నుంచి వచ్చాడు. మామయ్యకు హుషారు వచ్చింది. "బాలనర్సయ్యగారూ, కూర్చోండి, మంచి కథ వినిపిస్తాను" అని అరలోంచి ఒక పుస్తకం తీశారు. గోదావరిలో పడవ నడిపే మనిషి కథ. వరద రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి ఒక పెళ్ళికూతురిని దాటించాలి. మా బాపుకు కథలంటే ప్రాణం. "జర గట్టిగ చదువుండ్రి బావగారూ, మస్తుగుంది" అని ముందుకు జరిగి కూర్చున్నాడు. నేను టీ ఇవ్వబోతూ మామయ్య భుజం మీదుగా చూశాను. ఆయన చేతిలో ఉన్నది హోమియో మందుల పుస్తకం. తెరిచిన పేజీలో దగ్గుకు ఏ మందు, జలుబుకు ఏ మందు అని ఉంది. ఆయన పేజీ తిప్పుతున్నారు, పడవ నడుస్తోంది, పెళ్ళికూతురు ఏడుస్తోంది. నా చేతిలో టీ చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున మామయ్య బాల్కనీలో ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళి అడిగేశాను. "మామయ్యా, మీకు అక్షరాలు కనిపిస్తలేవా?" అన్నాను.

ఆయన కింద రోడ్డు వైపు ముఖం పెట్టి చెప్పారు. "సూటిగా చూస్తే నడిమధ్య మసి పూసినట్టుంటుందమ్మా. పక్క చూపుకి నీ చీర తెలుస్తుంది, నీ చెయ్యి తెలుస్తుంది. నీ మొహం మాత్రం ఉండదు. పుస్తకాలు నేను పెట్టిన చోట ఉన్నంతకాలం లోటు తెలియలేదు. చేతికి తగిలితే ఏ పుస్తకమో తెలిసేది, కథ గుర్తొచ్చేది. గుర్తు రాని చోట అల్లేవాణ్ణి."

డాక్టరు దగ్గరకు పోదాం అన్నాను. వస్తానన్నారు, అత్తమ్మకు మాత్రం చెప్పొద్దని నా చేయి పట్టుకున్నారు. "ఆవిడకి నేను చేసిపెడుతున్న పని ఈ చదవడం ఒక్కటే" అన్నారు. దాచిపెట్టి దవాఖానకు ఎట్లా తీసుకుపోతానని నేను పట్టుబట్టాను. చివరికి టిఫిన్ల దగ్గర ఆయనే చెప్పారు. మీ తమ్ముడు తింటున్నవారల్లా లేచి నిలబడిపోయారు. అత్తమ్మ మాత్రం మామయ్య ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసి, "తినేసి బయల్దేరదాం" అంది. అంతే.

కంటి డాక్టరు పరీక్షలన్నీ చేశారు. కంటి వెనక పొర మధ్యలో దెబ్బతింది. ఎడమ కంటిలో మచ్చ పడిపోయింది, ఆ చూపు ఇక తిరిగి రాదు. కొంచెం ముందు వచ్చి ఉంటే ఆ కంటిలో కొంత చూపు మిగిలేదని అన్నారు. కుడి కంటికి నెలకోసారి ఇంజెక్షను వేస్తే ఉన్న చూపు నిలబడవచ్చు. మొదటిది వేయించాం. మతి సంగతి కూడా నేను అడిగాను. మీ మామగారికి నాకంటే ఎక్కువ గుర్తుందమ్మా అని డాక్టరు నవ్వారు.

పోయిన ఆదివారం మీ తమ్ముడు పుస్తకాలన్నీ దింపి హాల్లో నేల మీద పరిచారు. ఎట్లా ఉండేవో అట్లా పెడతాను, చెప్పండి నాన్నా అన్నారు. మామయ్య ఒక్కొక్క పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట తడిమి, కాగితం వాసన చూసి ఊరి పేరు చెప్తూ పోయారు. ఇది ధవళేశ్వరం. ఇది తణుకు. ఇది గన్నవరం. ఇరిగేషను ఉద్యోగంలో ఎక్కడికి బదిలీ అయితే అక్కడ కొన్న పుస్తకాలన్నీ ఒక వరుస. మీ తమ్ముడికి కూడా ఈ సంగతి ఇన్నేళ్ళూ తెలియదు. ఒక పిల్లల కథల పుస్తకం తణుకుదని ఆయన, భీమవరంలో కొన్నారని అత్తమ్మ కాసేపు వాదించుకున్నారు. ఉమ కడుపులో ఉండగా కొన్నది నాకు తెలియదా అని అత్తమ్మ గెలిచింది. అది భీమవరం అరలో ఉంది, వచ్చినప్పుడు చూడండి.

అత్తమ్మ గుడ్డ పట్టీలకు బొత్తాలు కుట్టి ఒక్కో ఊరి వరుస మొదట్లో అంటించింది. ధవళేశ్వరానికి పెద్ద కోటు బొత్తం, తణుకుకు రెండు చొక్కా బొత్తాలు, ఇలా. వేలు తగిలితే ఆయనకు ఊరు తెలుస్తుంది.

అన్నీ అయ్యాక మామయ్య, నీ పుస్తకాలేవమ్మా అని నన్ను అడిగారు. పెళ్ళయినప్పటి నుంచి అవి మంచం కింద అట్టపెట్టెలోనే ఉన్నాయి. బయట పెట్టమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. పెట్టె తెప్పించి, గన్నవరం వరుసను ఒక పక్కకు జరిపించి, "ఇక్కడి నుంచి శేరిలింగంపల్లి" అన్నారు. దానికి అత్తమ్మ తన పట్టుజాకెట్టు నుంచి ముత్యపు బొత్తం తీసి కుట్టింది. నేను చాప దులపడం మొదలుపెట్టాను.

ఇప్పుడు సాయంత్రాలు నేను చదువుతున్నాను. ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని, ఒత్తుల దగ్గర తడబడతాను. మామయ్య ఓపికగా సరిదిద్దుతారు. నా యాసకు మాత్రం అడ్డు చెప్పరు. మీ తమ్ముడు ఇప్పుడు మీటింగులకు పడకగదిలో కూర్చుంటున్నారు.

అందుకే నా మనవి. ఆదివారం తప్పక రండి, నాలుగు రోజులు ఉండండి. ఆయన్ని మాత్రం ఇప్పుడు కాకినాడ తీసుకెళ్ళకండి. ఇంజెక్షన్లు మధ్యలో ఆగకూడదు. ఈ ఇంట్లో ఆయన తడుముకోకుండా తిరగగలరు. ఇంత చెప్పాక కూడా మీకు అనుమానం ఉంటే మతి డాక్టరుకు ఇక్కడే చూపిద్దాం, నేనే వెంట వస్తాను. ఫోన్‌లో నేను గొంతు పెంచినందుకు మనసులో పెట్టుకోకండి.

పిల్లలను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మరదలు,
రోహిణి.

తా.క.: ఇది రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. మామయ్యకు అక్షరాలు కనిపించడం లేదని అత్తమ్మకు పోయిన దసరా నుంచే తెలుసు. ఆ పుస్తకాలన్నీ ఆమె ఎప్పుడో చదివేసిందట. ఆయన చదువుతున్న కథ పుస్తకంలో అలా లేదని మొదటి రోజే పట్టేసింది. "వయసు చూపు అనుకున్నానమ్మా. తెలిసిందంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. పైగా ఆయన అల్లే కథలు పుస్తకంలో వాటికంటే బాగుండేవి. రేపేం చెప్తారో అని ఎదురుచూసేదాన్ని" అంది వంటింట్లో నాతో. "కొంచెం ముందు వచ్చి ఉంటే" అని డాక్టరు అన్నప్పుడు ఆమె ఆ గదిలోనే ఉంది. అప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఆమెకు ముందే తెలుసన్న సంగతి మామయ్యకు తెలియదు. మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. మీరు వచ్చాక, ఇంతమంది ఇంట్లో ఉండి ఎవరికీ ఎలా తెలియలేదని మీకు అడగాలనిపిస్తుంది. అడగండి వదినా, అత్తమ్మను కాదు, నన్ను అడగండి. అందరి ముందూ అడిగినా పరవాలేదు. నేను చూసుకోలేదని చెప్తాను.