గోడ మీద నా మొహం తిరిగి వేయించుట గురించి

ఆన్‌లైన్ ఆటల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తుపాకుల ఆటలో ఆటగాళ్ళు సొంతంగా గోడల మీద వేసుకునే బొమ్మలను నా ఫిర్యాదు మేరకు నిషేధించినందుకు కృతజ్ఞతలు తెలుపుచూ, సదరు నిషేధమును వెంటనే ఎత్తివేయమని కోరుట గురించి.

నేను డ్రైవింగ్ స్కూలులో మాస్టారుగా పనిచేయుచున్నాను. పక్క సీటులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చొనుట నా వృత్తి. తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా శిష్యులలో ఒక పళ్ళ డాక్టరు గారు కలరు. వారు డ్రైవింగ్ పరీక్ష తప్పిన కోపంలో, నేను "బ్రేక్!" అని అరుస్తున్నట్టు బొమ్మ గీసి, తాము ఆడే తుపాకుల ఆటలో గోడ మీద వేసినారు. ఎవరి బొమ్మ వారు తెచ్చి గోడకు అంటించుకొను సౌకర్యము ఆ ఆటలో ఉండెడిది. నా పోలిక అంతంతమాత్రమే గానీ, పళ్ళు మాత్రం ఒక్కటీ వదలలేదు. పుచ్చినదానితో సహా.

2. ఆ బొమ్మ ఒకరి నుండి ఒకరికి పాకి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా నోట్లోకి గురిచూసి కాల్చుట మొదలుపెట్టినారు. అంతవరకు సహించితిని. కానీ కొత్తగా చేరిన ఒక అమ్మాయికి మలుపులో నేను నిజంగానే "బ్రేక్!" అని అరిస్తే, బ్రేకు తొక్కకుండా పగలబడి నవ్వింది. కారు పోయి మంగలి షాపు ముందున్న బల్లను గుద్దింది. సగం గడ్డంతో ఒకాయన బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఆ అమ్మాయి స్టీరింగ్ వదలకుండానే నావైపు తిరిగి, "ఆ బొమ్మ మీదేనా సార్?" అని అడిగింది.

3. అందుచేత తమకు ఫిర్యాదు చేసుకొంటిని. నా ఒక్క మొహం తీయించమన్నాను. తమరు దయతలచి అందరి బొమ్మలూ తీయించినారు. నేను అంత మాట చెల్లే మనిషినని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ రోజు మా ఆవిడ అడగకుండానే టీ ఇచ్చింది. ఈ విజయమును మెట్ల మీద కనబడిన ప్రతివారికీ చెప్పుకొంటిని.

4. అలా విన్నవారిలో మా కింది వాటాలో ఉండే టైలరమ్మ ఒకరు. ఆమె భర్త లిఫ్టుల మెకానిక్కు. పోయిన వేసవిలో పని చేస్తూనే గుండె ఆగి కన్నుమూశాడు. మంచివాడు. ప్రతి ఆదివారం ముగ్గురు స్నేహితులతో కలిసి ఆ ఆట ఆడేవాడు. ఆమె పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా, ఆ బొమ్మలు తీయించింది మీరేనటగా?"

"అవునమ్మా. పీడ విరగడైంది."

"అందులో నా బొమ్మ కూడా ఉండేదండీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నేను తిడుతుంటే ఎలా ఉంటానో అలా గీశాడు ఆయన. ఆట మొదలవగానే గోడ మీద వేసేవాడు. అందుకు వారం రోజులు మాట్లాడకుండా సాధించాను. ఎంత ముక్కు పెట్టాడో! ఆయన పోయాక ఆ ముగ్గురూ ఆదివారం ఆడే ముందు అదే బొమ్మ వేసి, నాకు ఫోన్లో చూపించేవాళ్ళు. మొన్న గోడ ఖాళీగా ఉంది."

"బొమ్మ నీ దగ్గర లేదా అమ్మా?"

"ఫోన్లో ఉంది. ఫోన్లో చూసుకుంటే నా బొమ్మే. ఆ గోడ మీద చూస్తే, ఆయన పక్కనే నక్కి నవ్వుతున్నట్టుంటుంది."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మిమ్మల్ని అనడానికి రాలేదన్నయ్యా. ఆ ఆఫీసువాళ్ళు మీ మాట వింటారు కదా అని వచ్చాను" అంది.

5. తక్షణమే ఫిర్యాదు ఉపసంహరించుకొనుటకు తమ వెబ్‌సైటులో దరఖాస్తు చేసితిని. గుర్తింపు కొరకు ఫోటో అడిగినది. పెట్టితిని. "ఈ మొహము అభ్యంతరకర చిత్రముల జాబితాలో ఉన్నందున తిరస్కరించడమైనది" అని జవాబు వచ్చింది. అందులో పెట్టించింది నేనే కదా సార్! కళ్ళజోడుతో ఒకటి, మీసం తీసేసి ఒకటి, మా ఆవిడ పౌడరు అద్ది తీసినది ఒకటి పంపితిని. పౌడరు ఫోటో చూసి నా ఖాతా శాశ్వతంగా మూసివేసినారు. మీసం ఇంకా రాలేదు. అందుకే ఈ కాగితపు అర్జీ.

6. బొమ్మలన్నీ మంచివేనని నేను అనను. బూతువీ, ఆడపిల్లలను ఏడిపించేవీ నేనే చూశాను. అటువంటివి తీయవలసినదే. కానీ తీసేముందు కళ్ళతో చూడటానికి ఒక మనిషిని నియమించవలెను. ఫలానా బొమ్మ వల్ల కష్టం కలిగిందని ఎవరైనా మొరపెట్టుకుంటే ఆ ఒక్కటే తీయవలెను. ఎవరి బొమ్మలూ చూడనక్కరలేదనే వారికి, అవి కనబడకుండా చేసుకునే మీట ఇవ్వవలెను. ఇప్పుడేమో గోడల నిండా కంపెనీవారు అమ్మే పుర్రెలే. మనుషులను కాల్చవచ్చును, పుర్రెలను కొనవచ్చును, ఒక ఇల్లాలి ముక్కు మాత్రం గోడ మీద కనబడరాదు అను నియమము నా బుర్రకెక్కలేదు.

కావున, సదరు బొమ్మలను, అవసరమైతే నా మొహంతో సహా, తిరిగి అనుమతించవలసిందిగా ప్రార్థన. ఈ అర్జీని చిత్తగించవలెను. అందుకు వీలు లేనిచో, టైలరమ్మకు నేనేం చెప్పాలో అదైనా రాసి పంపవలెను.

తమ విధేయుడు,
డ్రైవింగ్ మాస్టారు
(అభ్యంతరకర మొహము గలవాడు)

తా.క.: సార్, ఇది మాత్రం ఫైల్లో పెట్టకండి, తూటాలు కూడా నిషేధిస్తారు. ఈ ఆదివారం మధ్యాహ్నం కవరు అంటిస్తుంటే టైలరమ్మ పరుగున వచ్చి ఫోను నా మొహం ముందు పెట్టింది. ఆ ముగ్గురూ ఆటలో గోడ ముందు నిలబడి దాన్నే కాలుస్తున్నారు. తూటా గుర్తులతో ఆవిడ బొమ్మ వేస్తున్నారండీ! ఆ గుర్తులు కాసేపటికే మాసిపోతాయట, అందుకని గబగబా. ఎదుటి జట్టువాడొకడు వీళ్ళను చంపడానికి వచ్చి, "ఏం చేస్తున్నార్రా?" అని అడిగి, సంగతి విని, గడ్డం తను కాలుస్తానని వరుసలో నిలబడ్డాడు. సూదులు బ్రహ్మాండంగా కుదిరాయి. టైలరమ్మ ఫోను మీదికి వంగి, కళ్ళు తుడుచుకుంటూ కసిరింది: "అంత చిన్న ముక్కేంట్రా నాయనా? ఇంకా కాల్చండి!"