లోయలో ప్యూమా లేదన్నాను

నాయనా ఎలియోదోరో,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నీ తమ్ముడు నికనోరూ కులాసాగానే ఉన్నాం. పొయ్యిలోకి కట్టెలకూ, డబ్బాలో కాచుకుని తాగే మాతే ఆకుకూ లోటు లేదు. మగయానెస్ చలిలో ఉన్ని కత్తిరిస్తూ నువ్వూ, నీ ముఠావాళ్ళూ అలాగే ఉన్నారని తలుస్తాను. నీ చేతి గాయం మానిందో లేదో రాయనే లేదు. వంటవాడు ఉప్పు ఎక్కువేస్తున్నాడని మాత్రం పేజీ నిండా రాశావు!

నువ్వడిగినవి చెబుతాను. గాలికి లేచిపోతున్న కప్పు రేకుల మీద నికనోర్ రాళ్ళు పెట్టాడు. ఏరు ఇంకా గుర్రం పొట్టదాకా పారుతోంది. గొర్రెలు బాగా ఈనాయా అన్నావు. ఈనడానికి బాగానే ఈనాయి. నిలిచినవే తక్కువ.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకే మంద తగ్గడం మొదలైంది. ఒకసారి ఒకటి పోయేది, కొన్నాళ్ళాగి ఇంకొకటి.

"ప్యూమా అమ్మా," అన్నాడు నీ తమ్ముడు. "పై మేతలో వదిలెయ్యకుండా పొద్దు వాలేసరికి దొడ్డికి తోలుకొద్దాం."

ప్యూమా అయితే ఎముకలేవి? ఉన్ని ఏది? చచ్చినదాని మీద రాబందులైనా తిరగాలి కదా? నేను గుర్రమెక్కి వెతికినంత మేరా ఏమీ కనబడలేదు. అదీకాక, నికనోర్ పట్నం నుంచి కొత్త బూట్లతో వచ్చాడు.

"ఎక్కడివిరా?"

"పేకాటలో గెలిచాను."

"నువ్వా? నీకు ముక్కలు పట్టుకోవడమే సరిగ్గా రాదు కదరా!"

నవ్వేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పటినుంచి వాణ్ణి కనిపెట్టి చూశాను. వాడు లేనప్పుడు జీను సంచుల్లో తల పెట్టి నెత్తురు వాసన చూశాను. వాడు బయల్దేరుతుంటే ఏ దారి పడతాడా అని కిటికీ దగ్గర నిలబడ్డాను. రొట్టె పెడుతూ కూడా వాడి కళ్ళే చూసేదాన్ని. మందను దొడ్డికి తోలుకొద్దామని వాడన్నప్పుడల్లా వద్దన్నాను. దొంగతనం కప్పిపుచ్చుకోవడానికే ప్యూమా కథ అల్లుతున్నాడనుకున్నాను.

మన పొరుగు బౌదీలియో ఇంట్లో దూడలకు గుర్తు వాతలు వేసే రోజున లోయలో వాళ్ళంతా చేరాం. బౌదీలియో నన్నడిగాడు:

"అక్కా, మీ వైపు ప్యూమా తిరుగుతోందటగా? మా గుర్రప్పిల్లను ఇంటి దగ్గర కట్టెయ్యమంటావా?"

"ప్యూమా లేదు, గీమా లేదు. మా మందను తినేదానికి ఉన్నవి రెండే కాళ్ళు," అన్నాను, అందరికీ వినబడేలా.

అందరి చూపులూ నికనోర్ వైపు తిరిగాయి. వాడు దూడ పగ్గం పట్టుకుని ఉన్నాడు. పగ్గం వదల్లేదు, తలా ఎత్తలేదు. "కన్నకొడుకును నలుగురిలో అలా అంటారా?" అని బౌదీలియో పెళ్ళాం గొణిగింది. నేను విననట్టు ఊరుకున్నాను.

వారం తిరక్కుండా బౌదీలియో మా గుమ్మం ముందు గుర్రం దిగాడు. మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"రా అక్కా. చూద్దువుగాని."

లెంగా చెట్ల గుంపులోకి తీసుకెళ్ళాడు. అక్కడ గడ్డీ ఆకులూ కుప్పగా పోసి ఉన్నాయి. కుప్పలోంచి వాళ్ళ గుర్రప్పిల్ల గిట్ట బయటికి కనబడుతోంది. చుట్టూ బురదలో నా అరచేతంత అడుగులు, పిల్లి అడుగుల్లా గోళ్ళ గుర్తు లేకుండా. కొంచెం ఎగువన పాత కుప్ప ఇంకోటి ఉంది. కర్రతో కెలికితే గొర్రె చెవి దొరికింది. దాని మీద మన కోత గుర్తు. కప్పి పెట్టుకుని తింటోందయ్యా, అందుకే రాబందులు రాలేదు.

"నీ మాట మీద కట్టెయ్యకుండా వదిలాను," అన్నాడు బౌదీలియో. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి నికనోర్‌తో, "నువ్వు చెప్పింది నిజమేరా," అన్నాను. వాడు చేతిలోని మాతే గిన్నె కింద పెట్టాడు.

"అంతా నిజం కాదమ్మా. మధ్యలో రెండు నేనే అమ్మేశాను. ఎలాగూ ప్యూమా ఖాతాలో పోతాయనుకున్నా."

చెంప మీద కొట్టాను. వాడు కదల్లేదు. ఆ తర్వాత ఇద్దరం కలిసి పైకి వెళ్ళి మందను కిందికి తోలుకొచ్చాం. ఇప్పుడు దొడ్డి గోడ ఎత్తు పెంచి, పైన ముళ్ళకంప వేశాం. పిల్లతల్లులను ఇంటికి ఆనించి కట్టాం. కుక్కలు అక్కడే పడుకుంటున్నాయి. ప్యూమా ఎక్కడికీ పోలేదు. తెల్లవారి చూస్తే గోడ అవతల దాని అడుగులుంటాయి. వేటగాణ్ణి పిలుద్దామని కొందరంటున్నారు. పిలిచినా పిలవకపోయినా మందను నేనిక బయట వదలను.

నీ ఉత్తరాల్లో అడుగుతూనే ఉన్నావు, నేనే దాటవేస్తూ వచ్చాను. నీ బూడిదరంగు గుర్రప్పిల్ల మన దగ్గర లేదు. బౌదీలియోకిచ్చేశాను. వద్దు వద్దన్నాడు. వాళ్ళ కంచెకు కట్టేసి వెనక్కి చూడకుండా వచ్చాను. నిన్నడగాల్సింది. కాదంటావేమోనని అడగలేదు. నువ్వు దానికి పాలు పట్టి పెంచావని నాకు తెలియక కాదు. అన్నది నేను, పోయింది నీది. ఎంత కోపమొచ్చినా నా మీదే చూపించు, బౌదీలియో మీద పెట్టుకోకు.

నిన్న నికనోర్ పట్నం వెళ్ళొచ్చాడు. వాడు జీను విప్పుతుండగానే నేను దొడ్డిలోకి వెళ్ళి మందను లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. తిరిగి చూస్తే వాడు దొడ్డి వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"రోజూ లెక్కపెట్టుకో అమ్మా. నేనేమీ అనుకోను," అన్నాడు.

వాడికేం చెప్పాలో నాకు తోచలేదు. నీకేమైనా తోస్తే రాయి నాయనా.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
సునీల్దా