రెండు తాళ్ళ అతుకు

పిట్టా,

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మన లాంచీ, ముగ్గురం క్షేమంగా ఉన్నాం. ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని రాస్తున్నాను. అక్కడ నువ్వూ, మీ చెల్లీ, తన కడుపులోని బుల్లి ప్రాణమూ కులాసా అని తలుస్తాను. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందన్నావు. దిగనివ్వకు. దిగితే బావ తిట్టమన్నాడని చెప్పి తిట్టు. నీకు తిట్టడం ఒకరు నేర్పాలా అని నేను అనను, నువ్వు అనుకోకు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే అవే ప్రశ్నలు మళ్ళీ వస్తాయి. వంటగది కిటికీ బాగు చేయించాను. ఇప్పుడు చక్కగా మూసుకుంటుంది, తెరవాలంటే మాత్రం కాస్త బతిమాలాలి. మీ అమ్మ కళ్ళలో చుక్కల మందు వేళకు వేస్తున్నాను, ఆవిడ కూడా వేళకు నన్ను విసుక్కుంటోంది. నీ కుట్టుమిషను మీద విడిచిన బట్టలు పడేస్తున్నానా అని అడిగావు. ఆ ప్రశ్న నువ్వొచ్చాక చూసుకుందాం.

ఇక లంగరు తాడు. "కొత్త తాడూ పాత తాడూ నువ్వే కలిపావంటే నమ్మలేకపోయాను, చెల్లికి కూడా చదివి వినిపించాను" అని రాశావు. ఆ వాక్యం చదివి నీ ఉత్తరం మడిచి జేబులో దాచేశాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు మొన్న జరిగింది విను. కంగారుపడకు, నేను పొడిబట్టలు కట్టుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, మన బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. మీ చెల్లికి మాత్రం ఇది చదివి వినిపించకు. వరండాలోకి వెళ్ళి చదువుకో.

మొన్న మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి వస్తున్నాం. లాంచీలో పెద్దగా జనం లేరు. మెళ్ళో టేపుతో తిరిగే మన టైలరు, బడి పంతులమ్మ, కూరగాయల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు, ఇంకొకావిడ. బయలుదేరినప్పుడు బాగానే ఉంది కానీ సగం దాటేసరికి గాలి దిక్కు మార్చుకుని రేవు ముందున్న రాళ్ళకట్ట వైపు నెట్టడం మొదలుపెట్టింది. ఇంజను నడుస్తుంటే అదేమంత లెక్కలోది కాదు. సరిగ్గా అప్పుడే ఇంజను దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది. డీజిలు గొట్టంలో మడ్డి అడ్డుపడిందని తర్వాత తెలిసిందిలే. ఇంజను ఆగాకగానీ నీళ్ళు ఎంత చప్పుడు చేస్తాయో తెలియదు.

"ఏమైందయ్యా, నూనె అయిపోయిందా?" అన్నాడు టైలరు లేచి నిలబడుతూ.

"కూర్చోండి. ఎవరూ లేవొద్దు. ఒకవైపుకి రావొద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పడవ ముక్కు దగ్గరికి పోయి లంగరు వదిలాను. ముందు గొలుసు గలగలా దిగింది, దాని వెనక కొత్త తాడు. అక్కడ లోతెక్కువని నీకు తెలుసు. తాడు నిటారుగా నిలబడితే లంగరు లేచి వచ్చేస్తుంది, బాగా పొడవు వదిలి ఏటవాలుగా పడుకోబెడితేనే అడుగున మట్టిలో దిగబడుతుంది. కొత్త తాడు ఒక్కటే అయితే చాలేది కాదు. అది అయిపోవస్తుంటే నా కళ్ళు అతుకు మీదే ఉన్నాయి. అది కప్పీ దగ్గరికి వచ్చింది, కాస్త ఉబ్బుగా ఉన్నా ఎక్కడా తట్టుకోకుండా జారి నీళ్ళలోకి పోయింది. దాని వెనకే పాత తాడు దిగింది. కావలసినంత వదిలి గుంజకు బిగించాను.

లాంచీ గాలికి ఎదురు తిరిగి ఒక్క కుదుపు కుదిపింది. బుట్టలు దొర్లాయి. కానీ ఆగలేదు. లంగరు అడుగున గీసుకుంటూ మాతోపాటే వస్తోంది, ఆ గరగర తాడు మీదుగా పడవలోకి వస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే రాళ్ళ మీద పాచి కనిపిస్తోంది. పాచిలో అంటుకున్న నత్తలు కూడా కనిపించాయంటే ఎంత దగ్గరో నువ్వే ఊహించుకో. పంతులమ్మ కళ్ళు మూసుకుంది. టైలరు, "బాబూ, నన్ను ఒడ్డుకు చేర్చు, నీకు చొక్కా కుట్టిపెడతా," అన్నాడు.

అప్పుడు పట్టింది. గరగర ఆగిపోయింది. తాడు నీళ్ళలోంచి పైకి లేచి, బిగిసి, పిండిన గుడ్డలా నీళ్ళు కార్చింది. తర్వాత మెల్లగా వదులై మళ్ళీ బిగిసింది. రాళ్ళు ఎక్కడున్నవి అక్కడే ఉండిపోయాయి. ఇసుక పడవాయన మమ్మల్ని చూసి, తీరిగ్గా పేరంటానికి వచ్చినట్టు వచ్చి, ఒడ్డుకు లాక్కెళ్ళేదాకా ఆ తాడే మమ్మల్ని పట్టుకుని ఉంది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఒడ్డు చేరాక టైలరు, "గుడ్డ మాత్రం నువ్వే తెచ్చుకో," అన్నాడు.

ఇప్పుడు నీ ఉత్తరం ఎందుకు దాచేశానో చెబుతాను.

ఆ అతుకు నేను వేసింది కాదు.

నేనూ వేశాను, లేదనడం లేదు. మొదట ముడి వేసేద్దామనుకున్నాను. తాళ్ళ కొట్టాయన ఒప్పుకోలేదు. "ముడి కప్పీలో ఇరుక్కుంటుంది. పైగా ముడి పడ్డచోటే తాడు తెగుతుంది. పేటలు విప్పి ఒకదాంట్లోకి ఒకటి అల్లుకోవాలి," అని గాల్లో చేతులు తిప్పి చూపించాడు. ఆయన చేతుల్లో తాడు లేదు కాబట్టి తేలిగ్గానే కనిపించింది. కొత్తది మూడు పేటలు పేనిన తాడు, పాతది జడలా అల్లిన తాడు. అల్లినదాంట్లో పేటలే దొరకవు, ఇంక దేన్లోకి అల్లేది? మధ్యాహ్నమంతా కుస్తీపట్టి, నాకు తోచినట్టు దూర్చి, రేవుకు తీసుకెళ్ళాను. ఒక కొస స్తంభానికి, ఒక కొస లాంచీకి కట్టి ఇంజను వేసేసరికి, కాలి మేజోడు ఊడినట్టు రెండు తాళ్ళూ ఊడి వచ్చాయి. నేను వెల్లకిలా పడ్డాను. రేవులో నవ్వనివాళ్ళు లేరు.

ఇంటికొచ్చి తాళ్ళు వరండాలో పడేసి ముసుగుతన్ని పడుకున్నాను. లేచి చూస్తే మీ అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, రెండు తాళ్ళూ ఒళ్ళో వేసుకుని ఉంది. చేతిలో నీ చెక్క గరిటె. దాని కాడను చాకుతో చెక్కి మొన తేల్చింది. ఆ గరిటె గురించి ఆవిడనే అడుగు.

నీ చిన్నప్పుడు ఆవిడ తాళ్ళు అల్లేదనీ, చేతులు నొప్పని మానేసిందనీ నువ్వే చెప్పావు కదా. అదే అన్నాను, "అత్తయ్యా, మీకు చేతులు నొప్పి కదా," అని.

"నొప్పి చేతులకి కాదులే," అంది, తలెత్తకుండా.

జడ తాడు లోపలి దారాలు కొంత మేర బయటికి లాగి కోసేసింది. ఆ ఖాళీలోకి కొత్త తాడు పేటల్ని గరిటె కాడతో పంపింది. ఒక్కో పేటనీ ఒక్కో దూరంలో బయటికి తీసి, పల్చన చేసుకుంటూ మళ్ళీ లోపలికి దూర్చింది. "ఇది సాగే తాడు, అది సాగనిది. రెండింటినీ ఒక్కచోటే కలిపితే బరువంతా ఆ ఒక్కచోటే పడుతుంది. పంచాలి," అంది. చివర దారం చుట్టి కుట్లు వేసింది. మర్నాడు రేవులో మళ్ళీ లాగి చూశాను. స్తంభం మూలిగింది గానీ అతుకు కదల్లేదు.

"అమ్మాయికి రాయొద్దు," అంది. రాయలేదు. నేనే వేశానని రాయమని కూడా అనలేదు కదా అంటావు. నిజమే, ఆ ముక్క నా సొంతం.

ఇంకొకటి. మీ నాన్నగారు పోయినప్పటినుంచి ఆవిడ పడవ ఎక్కలేదు, అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళేది కదా. తాడు కలిపిన తర్వాత ఒక పొద్దున నేను బయలుదేరుతుంటే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"లాంచీకి. నేను కలిపిన తాడుని నమ్ముకుని జనం ఎక్కుతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా?"

ఆ రోజునుంచి రోజూ వస్తోంది. ఎక్కేటప్పుడు నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంటుంది, దిగేదాకా పడవ అంచు వదలదు. మొన్న లాంచీలో ఉన్న ఇంకొకావిడ మీ అమ్మే.

లంగరు గీసుకుపోతున్నప్పుడు ఆవిడ లేచి నా పక్కకు వచ్చింది. వంగి అరచెయ్యి తాడు మీద ఆనించింది. కూర్చోమన్నాను. "ఉండు బాబూ, చూడనీ," అంది. లంగరు పట్టుకున్నాక కూడా చెయ్యి తియ్యలేదు. ఇసుక పడవ కోసం ఎదురుచూస్తూండగా, నా వైపు చూడకుండానే చెప్పింది.

"మీ మామగారి పడవ తాడు కూడా నేను కలిపిందే. ఆ పొద్దున ఆయన తొందరపెట్టారు. రెండు అల్లికలు తక్కువ వేశాననుకుంటా. వేశానో లేదో కూడా గుర్తు లేదు. పడవ దొరికింది, తాడు దొరకలేదు. తెగిందో, జారిందో, ఆయనే కోసుకున్నారో, చూసినవాళ్ళు లేరు. ఇన్నేళ్ళూ నా చేతులతో నేనే పోగొట్టుకున్నాననుకుంటున్నాను."

పిట్టా, ఇలాంటప్పుడు నోరు తిరిగినవాడైతే ఏదైనా మంచిమాట అనేవాడు. నేను మాత్రం, "తాడు పట్టింది అత్తయ్యా," అన్నాను.

"ఊఁ. పట్టింది," అంది. అని, అప్పుడు ఏడ్చింది. పంతులమ్మ ఆవిడ భయపడిందనుకుని పక్కన కూర్చుని వీపు నిమిరింది.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడే అంది, "దానికి నువ్వే రాయి. నాకు నోరు పెగలదు. కానీ తెలియాలి," అని. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. నీ తప్పేం లేదమ్మా అని ఆవిడతో వాదించకు, వినదు. ఏం రాయాలో నీకు నాకన్నా బాగా తెలుసు. నాకు తెలిసిందల్లా ఒకటే, మొన్నటినుంచి ఆవిడ నడకలో ఏదో తేడా వచ్చింది. మనిషి తేలికపడింది.

నిన్న డీజిలు గొట్టం కడిగి ఇంజను బాగు చేసుకుని చూద్దును కదా, ఆవిడ అప్పటికే లాంచీలో కూర్చుని ఉంది. "జనం వచ్చేలోపు మీ మామగారి పడవ దొరికిన చోటికి ఒకసారి పోనీ," అంది. రాళ్ళకట్ట అవతల, మలుపు దగ్గర. తీసుకెళ్ళాను. ఇంజను ఆపి లంగరు వేశాను. గాలి లేదు. నీళ్ళు లేత పచ్చగా, అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. చిన్న చిన్న చేపలు గుంపుగా లాంచీ నీడలోకి వచ్చి పోతున్నాయి. ఆవిడ అంచు మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసింది.

"ఇక్కడ నీళ్ళు నల్లగా ఉంటాయనుకునేదాన్ని," అంది.

ఇంకాసేపయ్యాక లేచి, "పద బాబూ, ఎండెక్కింది. ఆకలేస్తోంది," అంది. నేను తాడు లాగబోతే పక్కకు జరగమంది. లంగరు ఆవిడే పైకి లాగింది.

ఇట్లు,
మీ అమ్మకు అల్లుణ్ణి, నీ ఆయన్ని.