వంపు దగ్గర నీళ్ళు

లాకుల క్వార్టర్సు,
ఆదివారం, మార్చి 9.

మసకకు,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ క్షేమంగా ఉండాలనే రాయాలి కాబట్టి రాస్తున్నాను. పేరు ముందు ఎప్పుడూ ఉండే 'ప్రియమైన' ఈసారి రాయబుద్ధి కాలేదు. కళ్ళజోడు తీసేసి బొమ్మలు వేస్తావని నేను పెట్టిన పేరు మాత్రం కోపంలోనూ చేతికొచ్చింది.

కిందటి వారం కాలవకి నీళ్ళు వదిలారు. లాకు పై తలుపు ఎత్తే చక్రం మళ్ళీ బిగుసుకుపోతే మా ఆయనా నేనూ గ్రీజు పెట్టాం. ఇసుక పడవలవాళ్ళు నిన్ను అడిగారు, బొమ్మలామె మళ్ళీ రాలేదేమని. ఏం చెప్పను?

నువ్వు మా ఇంట్లో ఉండి పాతకాలవ వంపు దగ్గర బొమ్మ వేస్తున్నప్పుడు టీ తెచ్చేదాన్ని గుర్తుందా? దగ్గర్నించి చూస్తే అన్నీ రంగు ముద్దలే. పిల్లలు చేతులు తుడిచిన గుడ్డలా ఉందే అన్నాను. నువ్వు నా భుజాలు పట్టుకుని వెనక్కి నడిపించావు. ఆ ముద్దలే నీళ్ళయ్యాయి, నీళ్ళమీదికి వంగిన కొమ్మలయ్యాయి, గట్టున కట్టేసిన పాత పడవయ్యాయి. చెట్టు మొదట్లో చిన్న తెల్ల మరక.

అవి నేను పేర్చిన రాళ్ళు. ఎందుకని నువ్వడిగితే చెప్పాను. ఊపిరి లేకుండా పుట్టిన మా పాపని అక్కడే పడుకోబెట్టామని. మా ఇద్దరికి తప్ప ఆ సంగతి తెలిసింది నీకే. చోటెక్కడో ఎవరికీ చెప్పనని నా చెయ్యి పట్టుకుని మాటిచ్చావు.

టౌన్‌హాల్లో బొమ్మలు పెట్టినప్పుడు మా ఆయనతో వచ్చాను. ఆయన ఆ వంపు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. అది కొన్న హోటలతను ఈ చోటెక్కడని ప్రాణం తీస్తున్నాడని నువ్వు నవ్వుతూ చెప్పావు. నిన్ను నమ్మాను కాబట్టి నేనూ నవ్వాను.

బుధవారం అతని మనుషులు టేపులు పట్టుకుని వంపు దగ్గర దిగారు. దారి కూడా ఎవర్నీ అడగలేదు. గట్టు చదును చేసి, సిమెంటు మెట్లు కట్టి, షికారు పడవలు తిప్పుతారట. కాలవ ఆఫీసు సరేనంది. నిన్న మట్టి తవ్వే మిషను వచ్చింది. నేను రాళ్ళ పక్కన కూచున్నాను. డ్రైవరు పాపం మెల్లగానే, లేవమ్మా అన్నాడు. చివరికి మా ఆయనొచ్చి రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. మధ్యాహ్నానికి రాళ్ళూ లేవు, చెట్టూ లేదు. ఇప్పుడు నా బిడ్డ ఎక్కడుందని వెతుక్కోను?

కడుపులో మాట నీ ముందు పెడితే, దాన్ని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియనివాడికి ఇచ్చావు. ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

ఇన్నాళ్ళూ నీదైన,
లాకులమ్మ.

తా.క. సోమవారం. కవరు అంటించి, పోస్టులో వెయ్యమని మా ఆయన చేతికిచ్చాను. నీ అడ్రసు చూసి కవరు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఇది వెయ్యొద్దన్నారు. హోటలతను ఎంత పీకినా నువ్వు నోరు విప్పలేదట. మేం బొమ్మలు చూసొచ్చిన మర్నాడు పనుందని ఒక్కరే టౌనుకి వెళ్ళి చోటు చెప్పింది మా ఆయనేనట.

ఎందుకని అడిగాను.

"పని అయిపోతే చాలు, అక్కడికే పోయి కూచుంటావు. ఆ చోటు లేకపోతే నా దగ్గర కూచుంటావనుకున్నా" అన్నారు. తలెత్తలేదు.

పాప ఆయనక్కూడా బిడ్డే కదా మసకా.

పైన రాసినవేవీ నీకు తగలాల్సిన మాటలు కావు. మళ్ళీ మొదట్నించి రాసే ఓపిక లేక, కవరు విప్పి కింద ఇది రాసి అలాగే పంపుతున్నాను, తిట్టుకోకు. పోస్టుకి నేనే వెళ్తున్నాను. గురువారం పొద్దుటి బస్సుకి నీ దగ్గరికి వస్తాను. ఒక్కదాన్నే.