పచ్చబండి, దాని పాత ఇంజిను గురించి రాసుకున్న వీలునామా

డెబ్బై ఎనిమిదేళ్ల వయసు కలిగి, యాభై రెండేళ్లు ఊరందరి లారీలూ బాగుచేసి, ఇప్పుడు సొంత బండి తప్ప వేరే బండి ముట్టని నేను, పూర్తి తెలివితో, నిలకడైన మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా నా సొంత దస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. నిలకడైన మనసు అని రాయమన్నది దస్తావేజుల లేఖరి. నిజం చెప్పాలంటే మొన్న ఆదివారం పొద్దున్న పదింటి నుంచి నా మనసు నిలకడగా లేదు, గంతులేస్తోంది. తెలివి మాత్రం సరిగ్గానే ఉంది. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి, నవ్వుకోకండి.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో "నా కొడుకుకి వాడు పగలగొట్టిన ఇంజిను హెడ్డు మాత్రమే చెందాలి, గోడకి తగిలించుకుని రోజూ చూసుకోవాలి" అని ఒక ముక్క ఉంది. కోపంలో రాశాను. ఆ కాగితాన్ని నిన్న వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టాను. బాగా మండింది.

2. రద్దుకి కారణం రాయక తప్పదు. పచ్చబండి అంటే పటాలం వాళ్లు ఇక పనికిరాదని వేలంలో వదిలేసిన ట్రక్కు. నాకంటే ఆరేళ్లు చిన్నది. ఇంటికి లాక్కొచ్చిన రోజున గాలి డబ్బాలో పిట్ట గూడు, తొట్టి చెక్కల్లో చెదలు, డ్రైవరు ఎదుటి రేకు మీద ఎవరో సిపాయి మేకుతో గీసుకున్న నలభై ఒక్క గీతలు ఉన్నాయి. ఇంటికెళ్లే రోజు కోసం లెక్కపెట్టుకున్నాడో ఏమో. మా ఆవిడ గుమ్మంలో నిలబడి బండిని పైనుంచి కిందకి చూసి, "సవతిని తెచ్చారన్నమాట. కాళ్లు కడుక్కుని రమ్మనండి" అంది.

పిల్లలిద్దరూ ఆ తొట్టిలో కూర్చునే ఎక్కాలు చదువుకున్నారు. ఇంజిను విప్పి మళ్లీ కూర్చేనాటికి నా కొడుకుకి ఇరవై ఏళ్లు. ఇంజిను పైన మూతలా కూర్చునే హెడ్డుని వాడు బిగించాడు. నిప్పురవ్వ ఏ సిలిండరుకి ఎప్పుడు అందాలో ఆ తీగలు నేను కలిపాను. హ్యాండిల్ తిప్పితే ఇంజిను పలకలేదు. దగ్గింది, తుమ్మింది, కార్బొరేటర్లోంచి టపాకాయలా పేలి నా కనుబొమలు కాల్చింది. నేను పదిమందిలో వాడి మీద విరుచుకుపడ్డాను. "హెడ్డు పగలగొట్టావు. నీ చేతులు సూది పనికి తప్ప ఎందుకూ పనికిరావు" అన్నాను. వాడు పానా కింద పెట్టాడు. మళ్లీ ఎత్తలేదు. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. పద్నాలుగేళ్లు రెండు వీధుల అవతలే ఉండి, వారం వారం వచ్చి, బండి ఉన్న షెడ్డు వైపు మాత్రం తలతిప్పకుండా వెళ్లేవాడు.

నేనేమో నెలకోసారి ఇంజిన్లో నూనె పోసి, బిగుసుకుపోకుండా హ్యాండిల్ తిప్పి పెట్టేవాణ్ణి. తీగలు ఒకసారి చూస్తానని పక్క వీధి లేత్ మిషను మాస్టారు ఎన్నిసార్లు అడిగినా చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఊరి ఇంజిన్లన్నీ నేను చూస్తే నా ఇంజిను ఇంకెవడో చూడ్డమా అని పొగరు.

3. మొన్న ఆదివారం సంగతి. బస్సు డిపోలో మెకానిక్ అయిన నా కూతురు పాత ఇంజిను తీసేసి, ముసలి బస్సులోంచి తెచ్చిన డీజిల్ ఇంజిను వేద్దామని కొలతల టేపుతో వచ్చింది. నేనూ సరేనన్నాను, బండి రోడ్డెక్కేది చూసి పోతే చాలనుకున్నాను. ఇంజిను పైకెత్తే చైన్ బ్లాకు తగిలించేశాం. అయితే డిపోలో వాళ్లకో పద్ధతి ఉంది. ఏ ఇంజిను దించినా ముందు దాని స్థితి కాగితం మీద రాయాలట. హ్యాండిల్ తిప్పడానికి మనిషి కావాలని "అన్నయ్యా, బండిని ముట్టుకోకు. ఇనప కమ్మీ ఒకటి తిప్పు, చాలు" అని వాణ్ణి లాక్కొచ్చింది.

మొదటి ప్లగ్గు విప్పి, లోపలి గాలి ఎప్పుడు తంతుందో తెలియడానికి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టింది. తిప్పించింది. మళ్లీ తిప్పించింది. ఒకటోదాని నిప్పు వంతు ఇక్కడేనని నేను తెల్ల రంగుతో పెట్టిన గుర్తు చూసింది. "నాన్నా, ఈ గుర్తు ఎవరు పెట్టారు?" అంది. నేనే అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఒకటో పిస్టనూ ఆరోదీ కలిసే పైకి వస్తాయి. నిప్పు వంతు మాత్రం ఒకసారి దీనిది, ఒకసారి దానిది. నేను ఆరోదాని వంతుని ఒకటోదానిదనుకుని తీగలన్నీ ఎదురు చోట్ల గుచ్చాను. పని నేర్చుకునేవాడు మొదటి నెలలో చేసే తప్పు. అందరికీ నేర్పిన నేను చేశాను. మా చిన్నది ఆరు తీగలూ మార్చింది. వాడు హ్యాండిల్ తిప్పాడు. రెండో తిప్పుకి, ఓరి నాయనో, రేకులన్నీ అదిరేలా ఇంజిను పలికింది! మా ఆవిడ తడి చేతుల్తో పరుగెత్తుకొచ్చి "నోరు విప్పిందండీ నా సవతి!" అని అరిచింది. నలభై నిమిషాలు తిరిగింది. నేను ఏడ్చాను. పొగ వల్ల అని చెప్పాను.

తరవాత వంటింట్లోకి వెళ్లి, వాడితో వచ్చిన మా కోడలితో "తప్పు నాదేనమ్మా" అన్నాను. "నాకు చెప్తే ఏం లాభం మావయ్యా? ఆయన బయటే ఉన్నారు" అంది. బయటికొచ్చాను. "టీ తాగుతావురా?" అని మాత్రం అడిగాను. అందుకే ఈ కాగితం.

4. నా తదనంతరం ఇల్లు, అందులోని సమస్త సామాను నా భార్యకి సర్వహక్కులతో చెందవలెను. పచ్చబండి టాపు కమ్మీల మీద బట్టలారేసుకునే హక్కు కూడా ఆమెకి ఎప్పటిలాగే ఉండవలెను. బండి ఎవరు నడిపినా పక్క సీటు ఆమెదే. ఆ తలుపు గడియ ఇంకా సరిగా పడదు, తాడు కట్టాలి.

5. షెడ్డు, పనిముట్లు, డీజిల్ ఇంజిను నా కూతురికి. నా పానాల మీద నా చేతి గుర్తులు పడ్డాయి. దాని చేతి గుర్తులు కూడా పడాలి.

6. పచ్చబండి, పాత ఇంజినుతో, హ్యాండిలుతో సహా నా కొడుకుకి. సదరు నలభై ఒక్క గీతల మీద రంగు వేయరాదు.

7. ఇంజిను మార్పు. తీసేద్దామని వచ్చిన కూతురే ఇప్పుడు పాతది ఉంచాలంటోంది. పద్నాలుగేళ్లు ముట్టనివాడు "మోగితే చాలా చెల్లీ? గట్టు ఎక్కొద్దా? డీజిలే వేద్దాం" అంటున్నాడు. కొత్తది జానెడు పొడవెక్కువ, రేడియేటరు ముందుకు జరపాలి, ముందరి పట్టీ కోయాలి అని చెల్లి. కోయక్కర్లేదని అన్న. వాళ్లిద్దరూ బండి గురించి పోట్లాడుకుంటుంటే నా చెవుల్లో అమృతం పోసినట్టుంది. కాబట్టి నేను తీర్పు చెప్పను. బండి వాడిది, డీజిల్ ఇంజిను చిన్నదానిది. రెండూ కలవాలంటే వాళ్లిద్దరూ కలవాలి.

8. జాకీ మా బావమరిదికి. దాని రాడ్డు తొమ్మిదేళ్లుగా ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. చైన్ బ్లాకు లేత్ మాస్టారుకి. ఆయన సాక్షి సంతకానికే వచ్చాడు. సాక్షికి ఆస్తి రాయకూడదని లేఖరి చెప్పగానే కలం కింద పెట్టేసి, చైన్ బ్లాకు వైపు చూశాడు. వీలునామా అమలు చేసే భారం మా కోడలిది. ఏ మాట ఎవరితో చెప్పాలో ఆమెకి తెలుసు.

9. వీలునామా మనిషి పోయాక చదువుతారట. నేను అంత ఆగలేను. వచ్చే ఆదివారం ఇంజిను వేడెక్కేలోపు నేనే అందరి ముందూ చదువుతాను. ఆ రోజు తిట్టింది పదిమందిలోనే కదా. నేను మధ్యలో ఆగిపోతే మిగతాది చిన్నది చదవాలి.

10. ఇంజిను ఉంచినా, దించి మూల పెట్టినా సరే, దాని హెడ్డు మాత్రం ఎవరూ విప్పకూడదు. ఆ ఇరవై మూడు బోల్టులూ నా కొడుకు బిగించినవి. మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా, అచ్చం నేను నేర్పినట్టే. ఆదివారం అందరూ వెళ్లాక హెడ్డు కూర్చున్న ఆ అతుకు చుట్టూ తెల్లగుడ్డతో తుడిచి చూశాను. హెడ్డు పగిలుంటే కారాలి కదా, నీళ్లూ లేవు, నూనే లేదు. గుడ్డ తెల్లగానే వచ్చింది. దాన్ని ఈ కాగితంలో మడిచి పెడుతున్నాను.

తేది: 14-9-2016

(సంతకం) షెడ్డు పెద్దాయన

సాక్షులు:
1. ఎదురింటి లెక్కల టీచరమ్మ
2. పంక్చర్ షాపు బక్కోడు (చైన్ బ్లాకు మీద ఆశ లేదని చెప్పి సంతకం చేశాడు)