రోజుకు నాలుగు బకెట్ల చమురు

చిరంజీవి తమ్ముడికి పెద్దక్క దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ నడిపక్కా బాగానే ఉన్నాం. బావి బాగాలేదు.

పెరటి గోడ వెనకగా పోయే మీ కంపెనీ చమురు పైపు అతుకు దగ్గర కారుతోంది. కారింది నేలలోకి ఇంకి బావిలోకి దిగుతోంది. తోడిన నీళ్ళ మీద నల్లటి తెట్టె కడుతోంది. ఈ బావి నీళ్ళే ఆరిళ్ళవాళ్ళం తాగుతాం. దర్జీ భార్య పసిపిల్లకు స్నానం చేయిస్తుంటే పిల్ల చేపలా చేతుల్లోంచి జారిపోయిందట.

ఇక్కడున్న మీ ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళాను. ఒక ఫారం ఇచ్చారు. అందులో పైపు కారుతోందని రాయడానికి గడి లేదు. అడిగితే గుమాస్తా, “మన పైపులు కారవండీ, అందుకే గడి పెట్టలేదు” అన్నాడు. మంచివాడే. నన్ను ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక, ఉన్నవాటిలో కాస్త దగ్గరగా ఉందని ‘కొత్తగా చమురు కనిపించిన చోటు’ అన్న గడిలో టిక్కు పెట్టించాడు.

ఆ ఫారం నీ బల్ల మీదికే వస్తుందట. రాగానే పైపు బాగుచేసేవాళ్ళను పంపు.

నీ మేలు కోరే
పెద్దక్క

తా.క. బావిలో నీళ్ళు తగ్గకూడదని రోజూ ప్రార్థన చేసేదాన్ని. తగ్గలేదు. దేవుడు పొరపాటు చేయడు కనక, ఇది మీ కంపెనీ పనే.

*

నన్ను ఎత్తుకు పెంచిన పెద్దక్కకు తమ్ముడు వంగి పెట్టే నమస్కారాలు.

అక్కా, నీ ఫారం చూసి కుర్చీలోంచి లేచాను. ఇంకోసారి చదవడానికి కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

కొత్త బావుల శాఖలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. పదకొండు చోట్ల తవ్వించాను. ఒకచోట వేడినీళ్ళు పడ్డాయి, ఒకచోట ఇసుక, ఒకచోట ఎవరిదో పాత మడతమంచం. క్యాంటీనులో నన్ను ‘గోతుల దొర’ అంటారు. ఇక లోకం సంగతి చూడు. సముద్రం అవతల రెండు దేశాలకు మాటల్లేవు. వాటి మధ్య ఉన్న ఇరుకు జలసంధిలో ఓడలన్నీ సంతలో బళ్ళలా చిక్కుకుపోయాయి. ఒకడు చమురు పైకి తీయనంటాడు, ఒకడు తీసినా అమ్మనంటాడు, ఇంకొకడు అమ్ముతాను గానీ ముందు దండం పెట్టమంటాడు. మొన్ననే మంత్రిగారు బల్ల గుద్ది, మన చమురు మనమే వెతుక్కోవాలన్నారు. ఆయన గుద్దిన చెయ్యి తీయకముందే నీ టిక్కు వచ్చి పడింది.

పైపు గురించి ఏదో రాశావు. ఇంత సంతోషంలో మనిషికి ఏవేవో కనిపిస్తాయి. బావిని ఎవరూ ముట్టుకోకుండా చూడు. కాపలాకు మనిషిని పంపుతున్నాను.

నీ పెంపకం వృథా పోనివ్వని
తమ్ముడు

తా.క. ఉత్తరాల్లో ‘కారుతోంది’ అని రాయకు. పదిహేనేళ్ళుగా ఒక్క చుక్క కారలేదని మా ఆఫీసు గుమ్మం మీద రాతిపలక ఉంది. దాన్ని ఊడదీస్తే గోడ కూలుతుందని ఇంజినీరు అంటున్నాడు.

*

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

కాపలా మనిషి తుపాకీతో వచ్చాడు. నీళ్ళు తోడాలంటే చీటీ చూపించమంటాడు. ఆరిళ్ళవాళ్ళం అవతలి వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడుతున్నాం. ఎండకు పాపం అతనికీ దాహమే. అతనికీ మేమే తెచ్చి పోస్తున్నాం.

ఇద్దరు శాస్త్రవేత్తలు వచ్చి, బావి దగ్గర జెండా పాతి, సీసాలో చమురు పట్టుకుని, రోజుకు నాలుగు బకెట్లు ఊరుతోందని రాసుకున్నారు. పైపు చూపించాను. తలెత్తలేదు. “మేం భూగర్భంవాళ్ళమమ్మా, భూమి పైన ఉన్నది మా శాఖ కాదు” అన్నారు.

బావిలో కప్పలు వెళ్ళిపోయాయి. మురుగు కాలవ వెంట చమురు ఏటిదాకా పాకింది. తెల్లబాతులు నల్లబాతులయ్యాయి. ముందు పైపు కట్టేయించు.

ఆశీస్సులతో
పెద్దక్క

తా.క. ఆ ఇద్దరిలో పొడుగాయన పైపు కిందే జారిపడ్డాడు. లేచి, ప్యాంటు వాసన చూసుకుని, అక్కడ రెండో జెండా పాతాడు.

*

నిన్నటిదాకా మాకు మాత్రమే, నేటినుంచి దేశానికంతటికీ పెద్దక్కవైన నీకు, తమ్ముడి నమస్కారాలు.

పరీక్ష ఫలితం వచ్చింది. కూర్చుని చదువు. నీ బావిలో చమురు ఎడారి రాజ్యంలో దొరికే మేలురకంతో వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. మేం ఓడల్లో తెప్పించి ఆ పైపులో పంపేది కూడా అదే రకం కావడం దైవఘటన. మా పెద్ద శాస్త్రవేత్త తేల్చిందేమిటంటే, ఆ రాజ్యంలో పుట్టిన పాయ ఒకటి సముద్రం అడుగున మూడు వేల మైళ్ళు నడిచొచ్చి, సరిగ్గా నీ బావిలో తలెత్తింది.

పత్రికలో పడగానే ఆ రాజ్యం రాయబారి పరుగెత్తుకొచ్చాడు. తమ చమురు తమకు చెప్పకుండా వచ్చేసిందట, మర్యాదగా వెనక్కి పంపాలట. గడప తొక్కిన చుట్టాన్ని గెంటే అలవాటు మాకు లేదని మంత్రిగారు బదులిచ్చారు. అటునుంచి రెండు యుద్ధనౌకలు బయల్దేరాయి. నీ బావికి సముద్రం మీదుగా దారి లేకపోవడంతో మధ్యలో ఆగి ఆలోచిస్తున్నాయి.

చమురు దేశాల కూటమి నీకు రాసిన ఉత్తరం జతచేశాను. నువ్వు రోజుకు నాలుగు బకెట్లు తీస్తున్నావని వాళ్ళకు తెలిసింది. ధర పడిపోకుండా మూడుకు తగ్గించమని కోరుతున్నారు.

గోతుల దొర అన్నవాళ్ళే నాకిప్పుడు టీ తెచ్చి ఇస్తున్నారక్కా.

నీ
తమ్ముడు

తా.క. కూటమి సమావేశంలో నీకో కుర్చీ వేస్తారు. పక్క కుర్చీ రాజుగారిది. ఆయన దగ్గర బాతుల ఊసెత్తకు.

*

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

కూటమికి జవాబు రాశాను. మూడెందుకు, సున్నా చేయడానికి సిద్ధంగా ఉన్నాను, ఎలాగో తెలిసినవాణ్ణి పంపండి అని.

దర్జీ పిల్లకు ఒళ్ళంతా దద్దుర్లు. నడిపిది బిందెలు మోసి నడుం పట్టేసి పడుకుంది. ఇక పైపు మాట ఎత్తను. నీకూ విని విసుగు.

ఒక్క పని చేసిపెట్టు. పరాయివాళ్ళు వచ్చి మాది మాది అంటుంటే మీవాళ్ళు నోటిమాటలతో సరిపెట్టడం బాగాలేదు. ఆ చమురు ఎంతదాకా పాకితే అంతదాకా మీ కంపెనీదేనని కాగితం మీద రాయించి, పెద్దవాళ్ళ చేత సంతకాలు చేయించి పంపు.

పెద్దక్క

తా.క. చుక్క కూడా ఇతరులది కాదని ఉండాలి. ముద్ర స్పష్టంగా పడాలి.

*

దూరదృష్టి గల మా పెద్దక్క పాదాలకు నమస్కారాలు.

ఇదిగో కాగితం. నడిపక్కకు కూడా చదివి వినిపించు. “సదరు బావిలోనూ, పెరట్లోనూ, కాలవలోనూ, ఏటిలోనూ, బాతుల మీదా ఉన్న చమురు యావత్తూ, పైన పాకినదీ లోపల ఇంకినదీ, చుక్కతో సహా మా కంపెనీ సొత్తు. దీని మీద లోకంలో మరెవరికీ హక్కు గానీ బాధ్యత గానీ లేదు.” మా ఛైర్మనుగారు సంతకం చేశారు. మంత్రిగారు సాక్షి సంతకం చేశారు. బాతుల మాట నువ్వు ముచ్చటపడతావని నేనే చేర్పించాను.

అది చూసి రాయబారి తోక ముడిచాడు. యుద్ధనౌకలు ఇళ్ళకు పోయాయి. సోమవారం మంత్రిగారు స్వయంగా వచ్చి మొదటి బకెట్టు తోడతారు. బ్యాండువాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు నేను నడుస్తాను.

ఉప్పొంగిపోతున్న
నీ తమ్ముడు

తా.క. నీకు రాజకీయం తెలియదనుకునేవాణ్ణి. కాగితం అడిగిన నాడు నా కళ్ళు చెమర్చాయి.

*

చిరంజీవి తమ్ముడికి పెద్దక్క నిండు మనసుతో దీవెనలు.

కాగితం అందింది. చక్కగా రాశారు.

దర్జీ భార్యను తోడు తీసుకుని, దాన్ని నీటి కాలుష్యం చూసే అధికారిణికి ఇచ్చాను. చమురు ఎవరిదైతే వాళ్ళే ఎత్తాలి, నీళ్ళు మళ్ళీ తాగేలా అయ్యేదాకా మంచినీళ్ళు వాళ్ళే పోయాలి, అని చట్టమట. ఆవిడ ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవరిని అడిగినా ‘మాది కాదు’ అన్నవాళ్ళే గానీ, మాదేనని ముద్ర వేసి ఇచ్చినవాళ్ళు లేరట. రెండుసార్లు చదివింది. బాతుల దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఇది రాయించిన మహానుభావుడు ఎవరమ్మా” అంది. మా తమ్ముడని చెప్పాను.

ఈ పొద్దున పైపు కట్టేశారు. అతుకు కోసి కొత్తది వేస్తున్నారు. ఆరిళ్ళకూ మంచినీళ్ళ బండి వచ్చింది. కాపలా మనిషి తుపాకీ గోడకు ఆనించి బిందెలు అందిస్తున్నాడు. దర్జీ పిల్లకు ఇవాళ మంచినీళ్ళతో స్నానమైంది.

బావీ, కాలవా, ఏరూ శుభ్రం చేయించే పని కంపెనీలో ఎవరికి అప్పగించమంటారని అధికారిణి అడిగింది. నీ పేరు రాయించాను. నీకు చమురు తీయాలని ఎప్పటినుంచో కోరిక కదా. తీయి.

నీ ఉద్యోగం గురించి కూడా ప్రార్థనలో అడిగాను. పోదు. ఇంత పని ఉన్నవాణ్ణి ఎవరూ తీసేయరు.

సోమవారం పాత చొక్కా వేసుకుని రా. బాతులకు సబ్బు నేను రుద్దుతాను.

ఎప్పటికీ నీ
పెద్దక్క

తా.క. మంత్రిగారిని రావద్దనకు. మొదటి బకెట్టు ఆయన్నే తోడనీ. అధికారిణి లెక్క ప్రకారం ఇంకా నాలుగు వేలున్నాయి.